ఇంట్లో నిద్రపోతున్న కంప్యూటర్‌ని లేపేదెవరు?

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? మంచిది.

ఈ తెర మీద కనిపిస్తున్నది నా ట్యాబ్లెట్. ఇంట్లో నా కంప్యూటర్ ఇప్పుడు నిద్రలో ఉంది. నేనే పడుకోబెట్టి వచ్చాను. కాసేపట్లో దాన్ని ఇక్కణ్ణుంచి లేపి మీ ముందే వాడాలని ఉద్దేశం. లైవ్ డెమో వద్దండీ అని నిర్వాహకులు ముందే అన్నారు. టెన్షన్ నాకూ ఉంది. లేవకపోతే ఎందుకు లేవలేదో అందరం కలిసి వెతుకుదాం. (నవ్వులు)

ఈ విషయం నేను పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను. అప్పుడు వేరే ఊళ్ళో ఉన్నాను. మర్నాడు పొద్దున్నే ఇవ్వాల్సిన ఫైలు ఇంట్లో కంప్యూటర్‌లో ఉండిపోయింది. నాకేమీ కంగారు లేదు, దూరం నుంచే కంప్యూటర్ వాడుకునే రిమోట్ యాప్ అటు కంప్యూటర్‌లోనూ ఇటు ఫోన్‌లోనూ పెట్టుకునే బయల్దేరాను కదా. ఫోన్ తీసి నొక్కాను. ‘ఆఫ్‌లైన్’ అంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. అప్పుడు గుర్తొచ్చింది, అరగంట ఎవరూ ముట్టుకోకపోతే నిద్రపోయేలా దాన్ని పెట్టింది నేనే.

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. “టేబుల్ కింద పెట్టె ఉంటుంది, దాని మీద బటన్ ఒక్కసారి నొక్కమ్మా” అన్నాను. “ఇక్కడ రెండు పెట్టెలున్నాయిరా, రెంటికీ బటన్లున్నాయి” అంది. “పెద్దదాని మీద” అన్నాను. ఊడుస్తున్నప్పుడు జరపలేక అవస్థపడేది ఏదో, అమ్మ లెక్కలో అదే పెద్దది. అది యూపీఎస్. కీచుమన్న శబ్దం ఫోన్లో నాకు కూడా వినిపించింది. కంప్యూటరూ పోయింది, దానితోపాటు రూటరూ పోయింది. తెల్లవార్లూ కూర్చుని ఆ ఫైలు మొదట్నుంచీ మళ్ళీ చేసుకున్నాను. అమ్మ మాత్రం ఇప్పటికీ “నువ్వు నొక్కమన్నదే నొక్కాను” అంటుంది. నిజమే.

ఏ యాప్ మంచిదండీ అని అందరూ అడుగుతారు. దానికి రెండు నిమిషాలు చాలు, మధ్యలో చెప్పేస్తాను. గడప దాటకముందు ఇంట్లో చేసి రావాల్సిన పనులున్నాయి చూశారా, నా మాటలన్నీ వాటి గురించే.

ముందు ఇది ఎలా నడుస్తుందో కొంచెం చూద్దాం. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన ఒక సభలో కూర్చుని కంప్యూటర్ వాడి చూపించాడు. మౌస్‌ని జనం ముందుకి తెచ్చిన సభ అది. కంప్యూటర్ మాత్రం ఆ హాల్లో లేదు. దాదాపు 48 కిలోమీటర్ల అవతల మెన్లో పార్క్‌లో ఉంది. అక్కడి తెర బొమ్మ మైక్రోవేవ్ లింకుల మీద హాలుకి వచ్చేది. ఆయన వేళ్ళ కదలికలు, అంటే కీబోర్డు, మౌస్ సంకేతాలు, సెకనుకు 1200 బిట్లు మోసే మోడెమ్ లైన్ మీద అక్కడికి వెళ్ళేవి. బొమ్మ వచ్చే దారి వెడల్పు, వేళ్ళు వెళ్ళే దారి ఇరుకు. ఇప్పుడు మీ ఫోన్‌లో జరిగేది కూడా సరిగ్గా ఇదే. మీ వేలి సంగతి కొన్ని బైట్లలో అటు వెళ్ళిపోతుంది. బరువంతా ఇటు వచ్చే బొమ్మదే.

ఆ బరువు ఎంతో లెక్కేద్దాం. 1920 అడ్డం, 1080 నిలువు ఉన్న తెరలో ఒక్కో చుక్కకి 3 బైట్లు అనుకుంటే ఒక బొమ్మ దాదాపు 62 లక్షల బైట్లు. సెకనుకు 60 బొమ్మలు పంపితే 37 కోట్ల బైట్లు. ఏ మొబైల్ డేటా దాన్ని మొయ్యగలదు? అందుకే తెరలో మారిన ముక్కని మాత్రమే, అదీ నలిపి కుదించి పంపుతారు. మీరు ఉత్తరం టైప్ చేస్తుంటే మారేది ఒక్క అక్షరం, అది చకచకా వచ్చేస్తుంది. వీడియో పెట్టారనుకోండి, తెరంతా మారుతూనే ఉంటుంది, నత్తనడక మొదలవుతుంది. ఎర్ర అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించడం మీలో కొందరు గమనించే ఉంటారు. వెలుగునీడల కంటే రంగు వివరాన్ని ఎక్కువగా కుదిస్తారు కాబట్టి అలా ఉంటుంది. మీ కళ్ళజోడు మార్చుకోనక్కర్లేదు.

ఈ పని చేసే పద్ధతుల్లో పాత పేర్లు రెండున్నాయి. ఒకటి ఆర్‌డీపీ, మైక్రోసాఫ్ట్‌ది. రెండోది వీఎన్‌సీ, ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్‌లోని ఒక పరిశోధనశాలలో పుట్టింది. దాన్ని తయారుచేసినవాళ్ళలో క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్ ఒకరు. అంతకు ముందు 1991లో, అదే ఊళ్ళో యూనివర్సిటీ కంప్యూటర్ లాబొరేటరీలో కాఫీ పాత్రకి ఎదురుగా ఒక కెమెరా పెట్టారు. అక్కడిదాకా నడిచి వెళ్ళాక పాత్ర ఖాళీగా ఉంటే ఎంత ఉసూరుమంటుంది! కాఫీ ఉందో లేదో ఎవరి బల్ల దగ్గర వాళ్ళే చూసుకునేలా తెర మీద బొమ్మ చూపించే ప్రోగ్రాం రాసింది కూడా ఈయనే. లేచి వెళ్ళకుండా పని జరగాలనే బద్ధకంలోంచి పెద్ద విషయాలే పుట్టాయి. (నవ్వులు)

ఈ రెంటికీ వాడకంలో ఒక తేడా ఉంది, అది తెలియకపోతే ఇబ్బంది పడతారు. మామూలు విండోస్‌లో ఆర్‌డీపీతో లోపలికి వెళ్తే ఇంట్లో మానిటర్ మీద లాక్ స్క్రీన్ పడుతుంది. మీరు చేసేది అక్కడున్నవాళ్ళకి కనిపించదు. వీఎన్‌సీ తరహావాటిలో మీరు చేసేదంతా ఇంట్లో తెర మీద ఆడుతూ ఉంటుంది. మౌస్ బాణం దానంతటదే తిరుగుతుంటే ఇంట్లోవాళ్ళు హడలిపోతారు. బ్యాంకు ఖాతా తెరవాలనుకున్నప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఇంకో మాట. విండోస్ హోమ్ ఎడిషన్ ఆర్‌డీపీతో బయటి నుంచి ఎవర్నీ లోపలికి రానివ్వదు. దానికి ప్రో ఉండాలి. మీది హోమ్ అయితే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకోండి. మ్యాక్ అయితే అందులోనే ఉన్న స్క్రీన్ షేరింగ్ చాలు. యాప్ సంగతి ఇంతే, అయిపోయింది.

ఇప్పుడు నిద్ర సంగతి.

కంప్యూటర్ పడుకున్నా, కేబుల్ తగిలించిన నెట్‌వర్క్ కార్డుకి కాస్త కరెంటు అందుతూనే ఉంటుంది. ఒంటి కన్ను తెరిచి కాపలా కాస్తుందనుకోండి. దాని ముందు ఒక ప్రత్యేకమైన పొట్లం పడితే మిగతా యంత్రాన్ని లేపుతుంది. పేరు ‘మ్యాజిక్ ప్యాకెట్’. పేరుకే మ్యాజిక్, లోపల చూస్తే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. ముందు 255 అనే అంకె 6 సార్లు, తర్వాత ఆ కార్డు సొంత చిరునామా 16 సార్లు. చిరునామా 6 బైట్లు, పదహారు ఆర్లు 96, ముందున్న 6 కలిపితే 102 బైట్లు. పేరు పెట్టి పదహారుసార్లు పిలిస్తే ఎవరు లేవరు?

చిక్కేమిటంటే ఈ పిలుపు వీధిలోంచి వినపడదు. ఇంటి నెట్‌వర్క్ లోపల ఉన్నవాళ్ళే పిలవాలి. బయటి నుంచి వచ్చే ఇలాంటి కేకని రూటర్ మామూలుగా లోపలికి పోనివ్వదు. అంటే ఇంట్లో ఎప్పుడూ మెలకువగా ఉండే మనిషి ఒకరు కావాలి. మా ఇంట్లో ఆ మనిషి రాస్‌బెరీ పై అనే క్రెడిట్ కార్డంత చిన్న కంప్యూటర్. రూటర్ పక్కన పడి ఉంటుంది, ఎప్పుడూ వెలిగే ఉంటుంది, కరెంటు ఖర్చు చాలా తక్కువ. కొన్ని రూటర్లలో కంప్యూటర్‌ని లేపే సదుపాయం అందులోనే ఉంటుంది, ముందు మీ రూటర్ పేజీ తెరిచి చూడండి.

సరే, పిలుద్దాం. ట్యాబ్లెట్ నుంచి రాస్‌బెరీ పైలోకి వెళ్తున్నాను… వెళ్ళాను. లేపమనే ఆదేశం కొట్టాను. లేచిందో లేదో ఇంకో కిటికీలో పింగ్ చేస్తూ, అంటే ‘ఉన్నావా’ అని అడుగుతూ, చూద్దాం. ‘జవాబు లేదు’ అంటోంది. కొంచెం టైమ్ ఇద్దాం దానికి.

ఈలోగా, లేవకపోతే కారణం ఎక్కడ వెతకాలో చెబుతాను. మొదట బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో చూడండి, నెట్‌వర్క్ ద్వారా లేచే అనుమతి చాలా మదర్‌బోర్డుల్లో ఆపేసి ఉంటుంది. తర్వాత విండోస్‌లో ఆ నెట్‌వర్క్ కార్డు సెట్టింగ్స్. తర్వాత ‘ఫాస్ట్ స్టార్టప్’ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసిన కంప్యూటర్‌ని ఇలా లేపడం చాలాసార్లు కుదరదు. కాబట్టి బయటికి వెళ్ళేటప్పుడు షట్‌డౌన్ వద్దు, స్లీప్ చాలు. వైఫై మీద ఈ ఆట నమ్మకంగా నడవదు, కేబుల్ వేసుకోండి. ఇక బయోస్‌లోకి ఎలాగూ వెళ్ళారు కాబట్టి, కరెంటు పోయి వచ్చాక ఏం చెయ్యాలని అడిగే చోట ‘పవర్ ఆన్’ పెట్టండి. అది పెట్టి ఉంటే ఆ రాత్రి అమ్మ చేత యూపీఎస్ మళ్ళీ ఆన్ చేయిస్తే సరిపోయేది, కంప్యూటర్ దానంతటదే లేచి కూర్చునేది. నేను పెట్టలేదు.

(శ్రోత: పింగ్‌కి జవాబు వస్తోందండీ!)

వచ్చిందా! అవును, లేచింది. (చప్పట్లు) చప్పట్లు ఇప్పుడే వద్దు, ఇంకా లోపలికి వెళ్ళలేదు.

లేవడం ఒకటి, దాన్ని చేరుకోవడం ఇంకొకటి. ఇంట్లో మీ కంప్యూటర్ చిరునామా 192.168తో మొదలవుతుంటుంది, చూసే ఉంటారు. మీ పక్కింటివాళ్ళదీ అలాగే మొదలవుతుంది. అది ఇంటి లోపల పిలుచుకునే ముద్దుపేరు లాంటిది, బయట చెల్లదు. బయటికి కనిపించేది రూటర్ చిరునామా ఒక్కటే. పాత పద్ధతి చిరునామాలు మొత్తం 430 కోట్లే, అవి ప్రపంచానికి సరిపోలేదు. దాంతో కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు ఆ ఒక్కటి కూడా ఇవ్వకుండా ఎన్నో ఇళ్ళని కలిపి ఒకే చిరునామా వెనక కూర్చోబెట్టాయి. మీ రూటర్‌కి బయటివైపు 100.64 నుంచి 100.127 మధ్యలో చిరునామా కనిపిస్తే మీరూ ఆ గుంపులో ఉన్నట్టే.

మరి దారేది? తలుపు బయటి నుంచి తెరుచుకోదు గానీ లోపలి నుంచి బయటికి ఎవరైనా వెళ్ళొచ్చు. చాలా రిమోట్ యాప్‌లు ఈ కిటుకు మీదే బతుకుతున్నాయి. ఇంట్లో కంప్యూటర్ బయట ఒక సర్వర్‌కి ఫోన్ చేసి లైన్లో ఉంటుంది. మీ ఫోన్ కూడా అదే సర్వర్‌కి ఫోన్ చేస్తుంది. సర్వర్ ఇద్దరి చేతులూ కలుపుతుంది. కుదిరితే తను తప్పుకుంటుంది, కుదరకపోతే మధ్యలో ఉండి మాటలు మోస్తుంది. ఆ మోసే సర్వర్ ఎక్కడుందన్న దాన్ని బట్టి ఆలస్యం ఉంటుంది. ఫైబర్ తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్ల దూరానికి రానూపోనూ 10 మిల్లీసెకన్లు, అది మనకి తెలియను కూడా తెలియదు. కానీ మీరూ మీ ఇల్లూ ఒకే ఊళ్ళో ఉండి సర్వర్ ఇంకో ఖండంలో ఉంటే ప్రతి క్లిక్కూ సముద్రం దాటి రావాలి. మౌస్ జిడ్డు పట్టినట్టు కదులుతుంది.

నేను టెయిల్‌స్కేల్ వాడుతున్నాను. అది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద నడుస్తుంది. వీపీఎన్ అంటే ఇంటర్నెట్ మీద మనకోసమే వేసుకునే రహస్య దారి. నా ఫోనూ, ట్యాబ్లెటూ, ఇంటి కంప్యూటరూ ఎక్కడున్నా ఒకే గదిలో ఉన్నట్టు ఒకదానికొకటి కనిపిస్తాయి, మిగతా ప్రపంచానికి కనిపించవు.

ఇక చెయ్యకూడనిది. రూటర్‌లో ఆర్‌డీపీ వచ్చిపోయే తలుపుని, అంటే 3389 నంబరు పోర్టుని, తెరిచి ఆర్‌డీపీని నేరుగా ఇంటర్నెట్ మీద పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. చేతులు జోడించి చెబుతున్నాను, వద్దు. తెరిచిన పోర్టుల కోసం ఇంటర్నెట్ అంతా తట్టుకుంటూ తిరిగే ప్రోగ్రాంలు రాత్రీ పగలూ పనిచేస్తుంటాయి. 2019లో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాస్‌వర్డ్ తెలియకుండానే ఆర్‌డీపీ గుండా లోపలికి చొరబడే వీలున్న లోపం. ఎంత ప్రమాదమనుకున్నారో గానీ, ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ దిద్దుబాటు ఇచ్చింది. పాత వీఎన్‌సీ పద్ధతి ఇంకా అన్యాయం, పాస్‌వర్డ్‌లో మొదటి 8 అక్షరాలే లెక్కలోకి తీసుకుంటుంది. వీపీఎన్ లోపల వాడుకోండి, బయట పెట్టకండి.

ఇప్పుడు కనెక్ట్ అవుతాను. లాక్ స్క్రీన్ వచ్చింది, చూడండి. ఒక్క క్షణం ప్రొజెక్టర్ వైరు తీస్తాను, ఏమీ అనుకోకండి. ట్యాబ్లెట్ కీబోర్డు నొక్కిన ప్రతి అక్షరాన్నీ పెద్దగా ఎత్తి చూపిస్తుంది. ఒకసారి ఇలాగే మర్చిపోయి నా పాస్‌వర్డ్ సభకంతా చదివి వినిపించినంత పని చేశాను. (నవ్వులు) ఆఁ, పెట్టేశాను. ఇదీ నా డెస్క్‌టాప్. ఇప్పుడు కొట్టండి చప్పట్లు. (చప్పట్లు)

దీన్ని వేలితో వాడటం చూడండి. పెద్ద మానిటర్ కోసం గీసిన బొమ్మ ఇది, ఫోన్‌లో అయితే ఒక్కో బటన్ ఆవగింజంత ఉంటుంది. ఈ కిటికీ మూయాలని ఎర్ర గుర్తు మీద వేలు పెట్టాను… చూశారా, పక్కన ఇంకేదో నొక్కుకుంది. వేలు పడే చోటు వేలికిందే దాక్కుంటుంది, అదీ తంటా. అందుకని యాప్‌లో ట్రాక్‌ప్యాడ్ మోడ్ పెట్టుకోండి. అప్పుడు తెరంతా ల్యాప్‌టాప్ మీద వేలు రుద్దే పలకలా పనిచేస్తుంది. బాణం ఎక్కడో ఉంటుంది, నేను ఎక్కడ రుద్దినా అది కదులుతుంది. ఇదిగో, నెమ్మదిగా గుర్తు మీదికి తెచ్చి, ఖాళీ చోట తట్టాను. మూసుకుంది. చాలా యాప్‌లలో రెండు వేళ్ళతో తడితే రైట్ క్లిక్. ఒక రోజు చిరాకు పడతారు, రెండో రోజుకి అలవాటైపోతుంది. ఇంటి దగ్గరే అక్షరాల సైజు 150 శాతానికి పెంచి వస్తే కళ్ళకి ఇంకా సుఖం.

తెలుగు టైపింగ్ గురించి వేరే ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ‘లక్ష్మి’ అని కొట్టి చూద్దాం. మనకి కనిపించేవి రెండక్షరాలు. కంప్యూటర్లు అక్షరాలకి వాడే యూనికోడ్ లెక్కలో ‘ల’ ఒకటి, ‘క్ష్మి’ ఆరు, మొత్తం ఏడు సంకేతాలు. ఫోన్ కీబోర్డు ఊహించి, దిద్ది, వెనక్కి చెరిపి పదాన్ని కడుతుంటుంది. ఆ దిద్దుబాట్లన్నీ అవతలికి వరస తప్పకుండా చేరాలి. చేరవు. ఇదిగో, ‘లకషమ’ అని వచ్చింది. గుణింతాలన్నీ దారిలో రాలిపోయాయి. కొన్ని యాప్‌లైతే అక్షరాన్ని కాకుండా ఏ కీ నొక్కామో మాత్రమే పంపుతాయి, వాటిలో తెలుగు అసలే వెళ్ళదు. నేను చేసేదేంటంటే, ట్యాబ్లెట్‌లోనే నోట్స్‌లో రాసుకుని, కాపీ చేసి, ఇక్కడ పేస్ట్ చేస్తాను. క్లిప్‌బోర్డు రెండువైపులా కలిసి ఉంటే… ‘లక్ష్మి’. చెక్కుచెదరకుండా దిగింది. ఎక్కువ రాయాలంటే బ్లూటూత్ కీబోర్డు తెచ్చుకుని, తెలుగు లేఅవుట్ ఇంటి కంప్యూటర్‌లో పెట్టుకోండి. అప్పుడు వెళ్ళేది కీ ఒక్కటే, అక్షరం అక్కడే తయారవుతుంది.

ఇంకో రెండు విషయాలు గబగబా. ‘ఈ ప్రోగ్రాంకి అనుమతి ఇస్తారా’ అని విండోస్ తెరంతా మసకచేసి అడుగుతుంది కదా, మామూలు హక్కులతో నడిచే రిమోట్ యాప్‌కి ఆ తెర కనిపించదు. మీ వైపు అంతా నల్లగా అయిపోతుంది. యాప్‌ని సర్వీస్‌గా, అంటే విండోస్‌తోపాటే వెనక నడిచేలా, ఇన్‌స్టాల్ చేస్తే ఆ గొడవ ఉండదు, రీస్టార్ట్ అయ్యాక లాగిన్ తెర దాకా కూడా అదే తీసుకెళ్తుంది. మ్యాక్‌లో బయటి యాప్‌లేవైనా వాడితే తెర రికార్డింగ్, యాక్సెసిబిలిటీ అని రెండు అనుమతులు ఇంట్లో ఉన్నప్పుడే ఇచ్చి రండి. మొదటిది మాత్రమే ఇస్తే తెర చూస్తూ కూర్చోవడమే, ముట్టుకోవడానికి లేదు.

(శ్రోత: నాకు కావాల్సింది ఫైళ్ళేనండీ. దానికి ఇదంతా అవసరమా?)

అవసరం లేదండీ. నిజం చెప్పాలంటే నేను కూడా తెరదాకా వచ్చేది నెలకి ఒకటి రెండుసార్లే. ఫైలు కావాలంటే ఆ ఫోల్డర్‌ని సింక్‌లో, అంటే మీ పరికరాలన్నిట్లో దానంతటదే ఒకేలా ఉండేలా, పెట్టుకోండి, కంప్యూటర్ పడుకున్నా ఫైలు మీ దగ్గరుంటుంది. ఏదో ఒక ప్రోగ్రాం ఆపి మళ్ళీ నడపాలంటే ఎస్ఎస్‌హెచ్ చాలు, అది తెర బొమ్మ లేకుండా అక్షరాలతోనే ఆదేశాలు పంపే దారి, నాలుగు ముక్కలు టైప్ చేస్తే అయిపోతుంది, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నా పనిచేస్తుంది. ఆ కంప్యూటర్‌లోనే ఉన్న సాఫ్ట్‌వేర్ కావాలన్నప్పుడే తెర తెరవండి.

(శ్రోత: ఫోన్ చేసి, ఈ యాప్ పెట్టుకోండి, నంబరు చెప్పండి అంటారు కదా, అది…)

ఆ అడిగినవాడు దొంగ. ఇందులో అనుమానపడాల్సింది ఏమీ లేదు. మీరు సాయం కోసం పిలవకుండా ఎవరైనా ఫోన్ చేసి తెర మీద కనిపించే ఆ నంబరు అడిగితే, ఇంటి తాళం చేతికిమ్మని అడిగినట్టే. పెట్టేయండి ఫోన్. ఒకవేళ ఇచ్చేసి ఉంటే ముందు ఇంటర్నెట్ వైరు పీకండి, తర్వాత ఆ యాప్ తీసెయ్యండి, వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి, బ్యాంకుకి చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ మాట మీరే వెళ్ళి చెప్పండి. మా అమ్మకి చెబితే, “నువ్వు అడిగినా చెప్పను” అంది. (నవ్వులు)

టైమ్ అయిందంటున్నారు. బయటికి వచ్చే పద్ధతి చూపించి ముగిస్తాను. చాలామంది యాప్ మూసేసి ఫోన్ జేబులో పెట్టుకుంటారు. కొన్ని యాప్‌లలో అలా చేస్తే అక్కడ కంప్యూటర్ తెరిచింది తెరిచినట్టే ఉండిపోతుంది, ఇంట్లోకి ఎవరొచ్చినా కూర్చుని వాడుకోవచ్చు. అందుకని ముందు లాక్. పైన ఈ పట్టీలో విండోస్ కీ ఉంది, అది నొక్కి ఎల్. లాక్ పడింది, చూశారా. ఇప్పుడు డిస్‌కనెక్ట్. అయిపోయింది. ఇక అరగంట ఎవరూ ముట్టుకోకపోతే అదే పడుకుంటుంది. ఆ సెట్టింగ్ మాత్రం నేను ఇప్పటికీ మార్చలేదు.